వాలు నేల మీద ఊరుమ్మడి భవనం: చదును చేయాలా, మెట్లుగా కట్టాలా, పిల్లర్ల మీద లేపాలా?

ఏజెన్సీ ఊళ్లలో పంచాయతీ భవనానికి దొరికే స్థలం దాదాపుగా వాలుగానే ఉంటుంది. లోయలో చదునుగా ఉన్న నాలుగు మడులూ వరికి పోతాయి కాబట్టి భవనాలకు మిగిలేది కొండవైపు నేలే. ఆ స్థలం చూడగానే మనవాళ్ల మొదటి మాట కూడా ఎప్పుడూ ఒకటే: "ముందు జేసీబీ పెట్టించి లెవెల్ చేద్దాం." ఎస్టిమేట్ కూడా అక్కణ్ణుంచే మొదలవుతుంది. అసలు లెవెల్ చేయడం అవసరమా అని ఎవరూ అడగరు.

లెక్క కోసం ఒక స్థలం అనుకుందాం. పాడేరు, అరకు వైపు సంత జరిగే ఊరు. స్థలం వెడల్పు 20 మీటర్లు, లోతు 24. నాలుగు మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుంది, అంటే పై అంచుకీ కింది అంచుకీ 6 మీటర్ల తేడా. కింద సంత రోడ్డు, పైన ఊళ్లోకి వెళ్లే దారి. ఊరికి కావలసినవి: అద్దెకిచ్చే నాలుగు కొట్లు, పసుపు, మిరియాలు నిల్వ చేసుకునే గది, డ్వాక్రా సంఘాలకూ పెళ్లిళ్లకూ పనికొచ్చే హాలు, అంగన్‌వాడీ, చిన్న లైబ్రరీ.

మొదట చదును సంగతి. మొత్తం కింది మట్టానికి తవ్వేస్తే 1,440 ఘనపు మీటర్ల మట్టి తీయాలి, వెనక 6 మీటర్ల కోత మిగులుతుంది. అంత సాహసం ఎవరూ చేయరు. సగం తవ్వి ఆ మట్టితోనే ముందువైపు నింపుతారు. అప్పుడు తవ్వేది 360 ఘనపు మీటర్లు, వెనక 3 మీటర్ల కోత, ముందు 3 మీటర్ల నింపుడు. మట్టి బయటి నుంచి కొనక్కర్లేదు, కాంట్రాక్టరుకు పని సులువు, భవనమంతా ఒకే మట్టంలో ఉంటుంది. పింఛను కోసం కర్ర పట్టుకుని వచ్చే ముసలమ్మకు లోపల ఒక్క మెట్టు కూడా ఉండదు. ఇవి చిన్న లాభాలేం కావు.

తిప్పలు తర్వాత మొదలవుతాయి. భవనంలో వెనక సగం అసలు నేల మీద, ముందు సగం పోసిన మట్టి మీద కూర్చుంటుంది. ఆ మట్టిని పలుచటి పొరలుగా పోసి, నీళ్లు పట్టి, రోలర్‌తో తొక్కించాలి. టిప్పర్‌తో ఒకేసారి గుమ్మరించి పైన జేసీబీని నాలుగుసార్లు నడిపిస్తే రెండు వానాకాలాల్లో అది కుంగుతుంది. అప్పుడు గోడలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట పడుతుంది. దానికి సిమెంటు పూసి సున్నం వేస్తారు, మళ్లీ ఏడాది అదే బీట అక్కడే కనిపిస్తుంది. ముందువైపు పునాదులను పోసిన మట్టి దాటించి గట్టి నేల తగిలేదాకా దింపితే ఈ గొడవ ఉండదు గానీ, చదును చేయడంలో మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

అంతకన్నా పెద్ద ఖర్చు రిటైనింగ్ వాల్, అంటే మట్టి జారకుండా ఆపే గోడ. మట్టి గోడను నెట్టే బలం ఎత్తుతో పాటు సమానంగా పెరగదు. ఎత్తు రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు, గోడను పడదోసే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. వానకు నానిన మట్టి వెనక నీరు నిలిచిందంటే ఆ నీటి ఒత్తిడి దీనికి అదనం. అందుకే గోడలో నీరు కారే రంధ్రాలు, వెనక కంకర పొర తప్పనిసరి. ఎస్టిమేట్‌లో మిగులు చూపించాలనుకున్నప్పుడు ముందు పోయేవి కూడా ఇవే. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం రోజు వర్షానికి, కొత్తగా కట్టిన గోడ క్యూలో ఉన్న భక్తుల మీద కూలింది. ఒకటి కొండ, ఇంకొకటి గోడ, వాన రెండింటిలోనూ ఉంది. పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టి, వెనక 3 మీటర్ల కాంక్రీటు గోడ కట్టి, దాన్ని పర్యావరణహిత భవనం అనడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

మెట్లుగా కట్టడమంటే అదే స్థలాన్ని 12 మీటర్ల లోతున్న రెండు మెట్లుగా విడగొట్టడం. రెండింటికీ మధ్య తేడా 3 మీటర్లు, సరిగ్గా ఒక అంతస్తు. తవ్వకం 180 ఘనపు మీటర్లకు, అంటే సగానికి తగ్గుతుంది. వెనకా ముందూ విడిగా నిలబడే గోడలు ఒకటిన్నర మీటరుకు దిగుతాయి. ఆ ఎత్తుకు రాతి కట్టడమో, తీగ బుట్టల్లో రాళ్లు నింపిన గేబియన్ గోడో చాలు, పైగా గేబియన్‌లో నీరు దానంతటదే కారిపోతుంది. మధ్యలో 3 మీటర్ల గోడ ఉంటుంది నిజమే, కానీ దానికి కింద ఫ్లోరు, పైన శ్లాబు ఆసరా ఇస్తాయి కాబట్టి అది ఒంటరి గోడ కాదు.

నాకు ఈ పద్ధతి నచ్చడానికి మట్టి లెక్క కన్నా పెద్ద కారణం తలుపులు. కింది మెట్టు సంత రోడ్డుకు తెరుచుకుంటుంది: కొట్లు, నిల్వ గది. పై మెట్టు ఊరి దారికి తెరుచుకుంటుంది: అంగన్‌వాడీ, లైబ్రరీ, హాలు. సంత రోజు కింద ఎంత గోల ఉన్నా, బస్తాల ఆటోలు ఎన్ని ఆగినా, పైన పిల్లలకు దానితో పనిలేదు. రెండూ గ్రౌండ్ ఫ్లోర్లే. ర్యాంపు ఒక మీటరు ఎక్కాలంటే 12 మీటర్ల పొడవు కావాలి, రెండు మెట్ల మధ్య 3 మీటర్లకు 36 మీటర్లు, మధ్యలో ఆగే చోట్లు అదనం. ఇక్కడ రోడ్డుకూ మెట్టుకూ తేడా ఒకటిన్నర మీటరే కాబట్టి 18 మీటర్ల ర్యాంపుతో చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఏ పనికి ఆ రోడ్డు నుంచే లోపలికి వస్తారు. రెండు చోట్లా పని ఉన్నవాళ్లు మాత్రం రోడ్డు చుట్టి రావాలి, లేదా మెట్లెక్కాలి. అది ఈ పద్ధతిలో ఉన్న లోటే.

కింది శ్లాబు పైవాళ్లకు వాకిలి అవుతుంది. కాఫీ, మిరియాల కాలంలో దాన్ని కళ్లంగా వాడుకోవాలని ఊరు చూస్తుంది, ఆట స్థలం కావాలని అంగన్‌వాడీ టీచరు పట్టుబడుతుంది. ఆ పేచీ ముందే తేల్చుకుంటే మంచిది, పిట్టగోడ ఎత్తు, నేల నునుపు దాన్నిబట్టే ఉంటాయి. పై కప్పు నీటిని పై మెట్టు పక్కన ట్యాంకులో పడితే మోటారు లేకుండానే కింది కొట్లకూ మరుగుదొడ్లకూ అందుతుంది. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే, 240 చదరపు మీటర్ల పై కప్పు నుంచి వృథా తీసేసినా 20 వేల లీటర్లు వస్తాయి.

ఇబ్బందులు దాచను. కింది మెట్టు వెనక గోడకు మట్టి ఆనుకుని ఉంటే చెమ్మ దిగుతుంది. పసుపు నిల్వ చేసే గది పొరపాటున అక్కడ పెడితే బూజే. వెనక వరసలో పైకెక్కే మెట్లు, మరుగుదొడ్లు ఉంచి, నిల్వ గదిని గాలి ఆడే ముందు భాగానికి తేవాలి. శ్లాబు పై భవనాన్ని తాకే జాయింటు దగ్గర కారుడు ఖాయమనుకుని వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. డబ్బు పెట్టాల్సిన చోటు అదే, టైల్స్ కాదు.

తిరువనంతపురం ఉళ్ళూరులో 1970ల తొలినాళ్లలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూస్తే ఈ ఆలోచన ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. కొండను చదును చేయకుండా భవనాలనే వాలు వెంట మలిచాడాయన, చెట్టు అడ్డొస్తే గోడే వంపు తిరిగింది. గాలికి ఇటుక జాలీలు, ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలి ఖర్చు తగ్గించే ర్యాట్‌ట్రాప్ కట్టుబడి సరేసరి.

ఇక పిల్లర్లు. నేలను అసలు ముట్టుకోకపోవడం వినడానికి బాగుంటుంది. నీరు కిందనుంచి దాని దారిన పోతుంది, బండరాళ్లు కదలవు. కానీ మన 24 మీటర్ల లోతుకు వెనక పిల్లరు ఒక మీటరుంటే ముందుది 7 మీటర్లు కావాలి. పొట్టి పిల్లరు బిగువుగా ఉంటుంది, పొడుగుది ఊగుతుంది. పొడవు సగమైతే బిగువు ఎనిమిదింతలు. భూమి కంపిస్తే ఆ కుదుపు బలం ఎక్కువగా పొట్టి పిల్లర్ల మీదే పడి ముందు అవే విరుగుతాయి. 2011 సెప్టెంబరు 18 భూకంపంలో సిక్కింలో వాలు నేల మీది భవనాలు ఇలాంటి దెబ్బలే తిన్నాయి. తూర్పు కనుమల్లో హిమాలయాలంత ముప్పు లేదు, కానీ తుపాను గాలి ఉంది. 2014 హుద్‌హుద్‌కు ఏజెన్సీ కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్లు ఎత్తు పిల్లర్ల మీద రేకుల కప్పు వేయడానికి జంకుతారు. పైగా కింద ఖాళీ మన దగ్గర ఖాళీగా ఉండదు. ముందు బైకులు, తర్వాత కట్టెలు, ఆపైన ఎవరో ఇటుక గోడ కడతారు, నీటి దారి మూసుకుపోతుంది. అన్నిటికీ మించి, సంత రోడ్డు నుంచి కొట్లోకి నేరుగా అడుగు పెట్టలేం.

కాబట్టి ఈ స్థలానికి నా ఓటు రెండు మెట్లకే. వాలు పది మీటర్లకు ఒక మీటరు కన్నా తక్కువైతే హాయిగా చదును చేసుకోవచ్చు, లెక్కలో తేడా పెద్దగా రాదు. బండలు తేలిన నిటారు వాలు అయితే, అడ్డంగా పొడుగ్గా, లోతు తక్కువగా ఉండే చిన్న భవనాన్ని పిల్లర్ల మీద లేపడమే తెలివి. ఏది ఎంచుకున్నా పైనుంచి వచ్చే వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ భవనం కన్నా ముందు తవ్వాలి.

నిధులు విడతలుగా వస్తాయి కాబట్టి ఇంకో మాట. అంగన్‌వాడీ ముందు కావాలని పై మెట్టు మొదలుపెడదామంటారు. ఒప్పుకోకూడదు. పై భవనం లేచాక దాని కాళ్ల దగ్గర కింది మెట్టు తవ్వితే పునాది కింద మట్టి జారుతుంది. కింది మెట్టు వెనక గోడ, శ్లాబు పూర్తయ్యాకే పైన ముగ్గు పోయాలి. ఆ లోపు కొట్ల అద్దె రావడం కూడా మొదలవుతుంది.