నార్వే: ముందు కాలం తేల్చుకోండి, టికెట్లు తర్వాత

నార్వే వెళ్దామనుకుంటున్నాం అని ఫోన్ చేసేవాళ్ళందరి జాబితా దాదాపు ఒకటే. రాత్రి ఆకాశంలో తెరల్లా కదిలే అరోరా వెలుగులు చూడాలి, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడాలి, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో, అదే ఫ్యోర్డుల్లో, పడవెక్కాలి, లోయ మీదికి పొడుచుకొచ్చిన ఆ ట్రోల్‌టుంగా బండ మీద నిలబడి ఫోటో దిగాలి. అన్నీ ఒకే పది రోజుల్లో అయిపోవాలి! అవి ఒక్కసారిగా కుదిరేవి కావు. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. చీకటే పడనప్పుడు అరోరా ఎంత జోరుగా ఉన్నా కంటికి ఆనదు. ట్రోల్‌టుంగాకి పోయి రావడానికి 27 కిలోమీటర్ల పైనే నడవాలి, గైడ్ లేకుండా వెళ్ళగలిగేది జూన్ నుంచి సెప్టెంబరు వరకే. అరోరా కోసం అందరూ వెళ్ళే ఫిబ్రవరిలో ఆ దారంతా మంచు కింద ఉంటుంది.

అందుకే ఫ్లైట్ ధరలు చూడకముందే ఏ కాలమో తేల్చుకోమంటాను. మా అక్కా బావా ఓస్లోలో ఉంటారు కాబట్టి అక్కడి నాలుగు కాలాలూ చూసే వీలు మాకు దొరికింది. ఇందులో రాసేవన్నీ అలా తిరిగి తెలుసుకున్నవే.

పిల్లల చదువులున్న ఇళ్ళలో మనకి దొరికేది వేసవి సెలవులే, అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. ఇందులో ఏప్రిల్ చివరి రోజులూ, మే మొదటి పదిహేను రోజులూ వదిలేయండి. మంచు సగం కరిగి కొండలు బురద రంగులో ఉంటాయి, పై కనుమ దారులు చాలావరకు ఇంకా తెరవరు. అరోరా సీజన్ అయిపోయి ఉంటుంది, అర్ధరాత్రి సూర్యుడు ఇంకా మొదలవ్వడు. డబ్బు మాత్రం పూర్తిగా ఖర్చవుతుంది.

మే సగం దాటిందంటే లెక్క మారిపోతుంది. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మే రెండో సగం నుంచి జూన్ మొదటి వారం దాకా పశ్చిమ నార్వేని మించినది లేదు. హార్డాంగర్ ఫ్యోర్డ్ ఒడ్డున యాపిల్ తోటలు పూత మీద ఉంటాయి, వెనక కొండల నెత్తిన ఇంకా మంచు ఉంటుంది. పైన కరిగే మంచంతా కిందికి దూకే రోజులు కాబట్టి జలపాతాలు నిండుగా ఉంటాయి. అదే జలపాతాలు ఆగస్టులో సన్నబడిపోతాయి.

మే 17 వాళ్ళ రాజ్యాంగ దినోత్సవం, 1814 నాటిది. ఆ రోజు దుకాణాలు మూసేస్తారు, ముందు రోజే సరుకులు తెచ్చుకోవాలి. ఓస్లోలో ఉంటే మాత్రం పొద్దున్నే కార్ల్ యోహాన్ వీధికి వెళ్ళండి. బడి పిల్లలు బ్యాండ్లు వాయిస్తూ రాజభవనం దాకా నడుస్తారు, రాజకుటుంబం బాల్కనీలోంచి చేతులూపుతుంది. బూనాద్ అనే సంప్రదాయ దుస్తుల్లో ఒక్కో ప్రాంతానిది ఒక్కో రంగు, ఒక్కో కుట్టుపని. అక్క వాళ్ళ పక్కింటి పెద్దావిడ తన జాకెట్టుకున్న వెండి బిళ్ళల్ని మా అమ్మ చేతికిచ్చి ఒక్కొక్కటీ చూపించింది. భాష రాకపోయినా ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

ఓస్లో నుంచి బెర్గెన్‌కి విమానంలో వెళ్ళకండి. 1909లో పూర్తయిన రైలు మార్గం ఉంది, ఏడు గంటల ప్రయాణం. ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తులో ఉంది. ఓస్లోలో చొక్కాతో రైలెక్కినవాళ్ళం ఫిన్సెలో దిగితే ప్లాట్‌ఫారం పక్కనే మంచు గోడ, ఎదురుగా గడ్డకట్టిన చెరువు. టికెట్లు అమ్మకానికి రాగానే కొంటే చివరి వారం ధరలో సగానికి కూడా దొరుకుతాయి. మధ్యలో మిర్డాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు పట్టుకుంటే 20 కిలోమీటర్లలో 866 మీటర్ల ఎత్తు నుంచి సముద్రమట్టం దాకా దిగుతుంది. దారిలో షోస్ జలపాతం దగ్గర ఫోటోల కోసం ఆపుతారు. బాగుంటుంది కానీ దూరం చూస్తే టికెట్ ఖరీదెక్కువ, ఒక్కసారి ఎక్కితే చాలు.

డబ్బుకి తగిన విలువంటే ఫ్లోమ్ నుంచి గుడ్‌వాంగెన్ దాకా పడవే. రెండు గంటల పాటు నేరోయ్ ఫ్యోర్డ్ గుండా వెళ్తుంది. 2005 నుంచి అది యునెస్కో వారసత్వ ప్రదేశం. కొన్నిచోట్ల రెండు ఒడ్ల మధ్య 250 మీటర్లే ఉంటుంది, రెండువైపులా నిట్టనిలువు కొండలు. ఇప్పుడక్కడ తిరిగేవి బ్యాటరీ పడవలు. ఇంజిను చప్పుడు లేదు కాబట్టి నీళ్ళు పడే శబ్దం, ఒడ్డున మేకల మెడల్లో గంటలు వినిపిస్తాయి. రైలు, పడవ, బస్సు కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు. అవే విడివిడిగా కొనుక్కుంటే మధ్యలో ఒక రాత్రి ఆగొచ్చు. ఆగడానికి ఫ్లోమ్ కన్నా పక్కనున్న ఔర్‌లాండ్ ఊరు నయం. క్రూయిజ్ షిప్ వచ్చిన రోజున ఫ్లోమ్‌లో కూర్చోవడానికి బెంచీ కూడా దొరకదు. ఔర్‌లాండ్ పైన స్టేగస్టైన్ అనే చోట ఫ్యోర్డ్ మీద 650 మీటర్ల ఎత్తున చెక్క వేదిక కట్టారు. చివర్న అద్దం తప్ప అడ్డమేమీ ఉండదు, తల తిరిగేవాళ్ళు కాస్త వెనకే ఆగిపోవడం మంచిది.

బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైనే వాన పడుతుంది. గాలికి గొడుగు నిలవదు, నీళ్ళు దిగని జాకెట్ కొనుక్కోండి. బ్రిగ్గెన్ చెక్క ఇళ్ళ వరస వెనకున్న ఇరుకు సందుల్లోకి వెళ్ళకుండా ముందు నుంచే ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు చాలామంది. అసలు అందం ఆ సందుల్లోనే ఉంది. రెండు రోజులు సరిపోతాయి.

ఇక బస. నలుగురైదుగురున్న కుటుంబానికి హోటల్ కన్నా వంటగదున్న క్యాబిన్ చవక. కానీ బుకింగ్ పేజీ చివరిదాకా చదవండి. దుప్పట్లు, తువ్వాళ్ళకి మనిషికింత, ఖాళీ చేసేటప్పుడు శుభ్రానికి ఇంకొంత విడిగా తీసుకోవడం అక్కడ మామూలే. మేం దిగిన ఒక చోట ఆ సంగతి తాళాలిచ్చేటప్పుడే చెప్పారు, రెండు రాత్రులకే బిల్లు బాగా పెరిగిపోయింది. ఒకట్రెండు రాత్రులకైతే బ్రేక్‌ఫాస్ట్ కలిపిన హోటలే లాభం. అక్కడి హోటళ్ళ బ్రేక్‌ఫాస్ట్‌లో రకరకాల రొట్టెలు, చీజ్‌లు, గుడ్లు, పళ్ళు, ఓట్స్ జావ ఉంటాయి. శాకాహారులు కూడా కడుపునిండా తినొచ్చు.

మిగతా పూటలు వండుకోవాల్సిందే. అక్కడి డబ్బు క్రోన్, మన డబ్బులో అటూ ఇటూగా ఎనిమిది నుంచి పది రూపాయలు. మామూలు రెస్టారెంట్‌లో ఒక ప్లేటు 200 క్రోన్లు దాటుతుంది, నలుగురికి ఒక పూటెంతో లెక్కేసుకోండి. కీవీ, రేమా 1000 లాంటి సూపర్‌మార్కెట్లే దిక్కు. ఆదివారం వాటిలో చాలావరకు మూసే ఉంటాయి కాబట్టి శనివారం సాయంత్రమే పాలూ పెరుగూ తెచ్చి పెట్టుకోవాలి. ఓస్లో గ్రోన్‌లాండ్ ప్రాంతంలో మన బియ్యం, పప్పులు, మసాలాలు దొరుకుతాయి. పొడులు, ఆవకాయ తీసుకెళ్ళండి కానీ నెయ్యి డబ్బా, పాలకోవా మాత్రం పెట్టుకోవద్దు. ఐరోపా బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి అక్కడ అనుమతి లేదు. నీళ్ళ సీసాలు కొనక్కర్లేదు, కుళాయి నీళ్ళే బాగుంటాయి. జ్యూస్, కూల్‌డ్రింక్ సీసాలు కొంటే పారేయకండి. ధరలోనే రెండు మూడు క్రోన్ల డిపాజిట్ కలిపి ఉంటుంది, షాపులోని మెషీన్‌లో వేస్తే రసీదిస్తుంది, కౌంటర్‌లో డబ్బు తగ్గిస్తారు. మా నాన్న రోజూ సాయంత్రం సంచీ పట్టుకుని ఆ పని మీదే వెళ్ళేవారు.

జూలై సంగతి క్లుప్తంగా చెప్తాను. వాళ్ళ దేశం మొత్తానికి అదే సెలవుల కాలం, గదుల ధరలు మండిపోతాయి. వెళ్తే ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవులకే వెళ్ళండి, అదీ ఆరు నెలల ముందే బుక్ చేసుకుంటేనే. రోర్బూ అనే ఎర్రటి చెక్క ఇళ్ళలో ఉండాలి. ఒకప్పుడు కాడ్ చేపల వేటకొచ్చే జాలర్ల బసలవి, నీళ్ళ మీద కొయ్యల మీద నిలబెట్టి ఉంటాయి. రైనె ఊరి పైనున్న కొండకి నేపాల్ షేర్పాలు వచ్చి దాదాపు 2,000 రాతి మెట్లు కట్టారు. ఎక్కేటప్పుడు ఆయాసమే కానీ పైనుంచి కనిపించేదానికి ఎంత ఆయాసపడ్డా తక్కువే. బోడో నుంచి మోస్కెనెస్‌కి వెళ్ళే ఫెర్రీలో వాంతుల మాత్ర వేసుకోవడం మరవకండి. లోఫోటెన్‌లోనే ఒక రాత్రి పదకొండున్నరకి ఎండ పొడ ఇంకా గోడ మీదుంటే, మా అమ్మ అక్కని అడిగింది: “ఇక్కడ సందె దీపం ఎన్నింటికి పెట్టాలే?” కిటికీలకి ముదురు తెరలున్నాయో లేదో చూసుకుని గది తీసుకోండి, లేకపోతే నిద్ర ఉండదు.

బడి పిల్లలు లేని జంటలకి సెప్టెంబరు చెప్తాను. కొండదారులింకా తెరిచే ఉంటాయి, ఉత్తరాన బర్చ్ చెట్లు పసుపెక్కుతాయి, రాత్రులు చీకటి పడతాయి కాబట్టి అరోరాకీ అవకాశం ఉంటుంది, గదుల ధరలూ దిగుతాయి. అక్టోబరు వచ్చిందంటే పడవల సర్వీసులు తగ్గుతాయి, కనుమల్లో మంచు మొదలవుతుంది.

చలికాలమంటే నాకు ట్రోమ్సోనే. నవంబరు చివరి నుంచి జనవరి నడిమి దాకా అక్కడ సూర్యుడు పైకి రాడు. అలాగని రోజంతా కటిక చీకటి కాదు, మధ్యాహ్నం కొన్ని గంటలు నీలి వెలుగు పరుచుకుంటుంది. మన సంక్రాంతి రోజుల్లోనే అక్కడ సూర్యుడు మళ్ళీ దిగంతం పైకి వస్తాడు. చుట్టూ కొండలుండటంతో ఊళ్ళోకి ఎండ తగిలే రోజుని జనవరి 21న జరుపుకుంటారు. బేకరీల్లో ఆ రోజు కోసం జామ్ పెట్టిన బన్నులు చేస్తారు, బడి పిల్లలు సూర్యుడికి ఎదురెళ్తారు. ఉత్తరాయణం మనం క్యాలెండర్లో చూస్తాం, అక్కడ కళ్ళతో చూస్తారు. సంక్రాంతి సెలవులకి ఇంకో వారం కలుపుకోగలిగితే ఆ పండగ చూడండి.

అరోరా ఒక్కటే కావాలంటే ఫిబ్రవరి, మార్చి మేలు. పగలు కుక్కల బండికీ రెయిన్‌డీర్ల దగ్గరికీ వెళ్ళడానికి వెలుగుంటుంది, రాత్రులు చాలినంత చీకటిగా ఉంటాయి, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గర అరోరా కాస్త ఎక్కువ చురుగ్గా ఉంటుంది. చలి గురించి మరీ టెన్షన్ వద్దు. వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల ఊళ్ళో సాధారణంగా సున్నాకీ మైనస్ 10కీ మధ్యే ఉంటుంది. లోపలి లోయల్లోకి వెళ్తేనే మైనస్ 20 దాటేది, టూర్ వాళ్ళు దళసరి సూట్లూ బూట్లూ ఇస్తారు. ఒంటికి తగిలే బట్ట మాత్రం ఉన్నిదై ఉండాలి. నూలు బనీను చెమట పట్టి తడిస్తే వణుకు ఆగదు. చలి కన్నా ప్రమాదం జారే రోడ్లతో. బూట్ల కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి, దిగిన రోజే కొనండి.

అరోరా టూర్లు రెండు రకాలు. పెద్ద బస్సు చవక, చిన్న వ్యాన్ ఖరీదు. ఇక్కడ మాత్రం ఖర్చుకి వెనకాడొద్దు. ఒక పెద్ద బస్సు మమ్మల్ని మబ్బు కింద పార్కింగ్ స్థలంలో రెండు గంటలు నిలబెట్టి వెనక్కి తీసుకొచ్చింది. మర్నాడు ఎనిమిది మంది పట్టే వ్యాన్‌లో వెళ్ళాం. గైడ్ పిల్ల మబ్బుల మ్యాప్ చూసుకుంటూ రెండుసార్లు దారి మార్చి, స్కీబోట్న్ లోయ మీదుగా ఫిన్లాండ్ సరిహద్దు వైపు తీసుకెళ్ళింది. సముద్రపు మబ్బులు అంతదూరం రావు. పాస్‌పోర్టు జేబులో ఉంచుకోవాలి, సరిహద్దు దాటొచ్చు. మొదట కొండ మీద బూడిద రంగు చార కనిపించింది, మామూలు మబ్బనుకున్నాం. ఫోన్‌లో తీస్తే ఆకుపచ్చ. ఇరవై నిమిషాల తర్వాత ఆ చార నడినెత్తికి పాకి, గాలికి కదిలే తెరలా ముడుచుకుని విప్పుకుని, అంచుల్లో గులాబీ రంగు దేరింది. అప్పుడు ఫోన్ అవసరం లేకుండానే అందరికీ కనిపించింది. నాన్న టోపీ తీసేసి నిలబడ్డారు, మైనస్ 22లో. ట్రోమ్సోలో కనీసం నాలుగు రాత్రులు పెట్టుకుని, మొదటి రాత్రికే టూర్ బుక్ చేయండి. మబ్బు పడితే ఇంకా మూడు మిగిలి ఉంటాయి.

రెయిన్‌డీర్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు అక్కడి ఆదివాసులైన సామీ కుటుంబాలే నడిపే చోటు ఎంచుకోండి. గుడారంలో నిప్పు చుట్టూ కూర్చోబెట్టి యోయిక్ అనే తమ సంప్రదాయ పాట పాడతారు, మందను ఎలా కాస్తారో చెప్తారు. వడ్డించేది రెయిన్‌డీర్ మాంసం కూర, శాకాహారులైతే ముందురోజే చెప్పాలి.

వీసా షెంగెన్‌ది, అంటే చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చేది. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా కావాలి, ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మే నెలలో వెళ్ళేవాళ్ళు ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి, మార్చి తర్వాత అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం.

పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే ఒక్క మాట. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా తీరం వెంట 34 రేవుల్లో ఆగుతూ రోజూ ఓడలు నడుస్తాయి, ఈ సర్వీసు 1893లో మొదలైంది. మొత్తం ప్రయాణం ఖరీదే కానీ ఒక రేవు నుంచి ఇంకో రేవుకి విడిగా టికెట్ ఇస్తారు. లోఫోటెన్‌లోని స్వోల్వేర్‌లో రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ట్రోమ్సో. కుర్రవాళ్ళు లౌంజ్‌లో కునుకు తీసినా సరిపోతుంది, అమ్మానాన్నలకి మాత్రం కేబిన్ తీసుకోండి.