కర్నూలులో పార్కూర్: సంకల్‌బాగ్ ఘాటు మెట్లు, ఓర్వకల్లు రాళ్ళు

గోడలు, మెట్లు వంటి అడ్డంకులను పరుగుతో, గెంతులతో దాటే పార్కూర్ సాధన కోసం అనంతపురం నుంచి కర్నూలు వెళ్ళిన మా ముగ్గురి దగ్గర తలకు 350 రూపాయల చొప్పున తీసుకుని, లోపలికి వెళ్ళాక దూకనివ్వని ఆటల ప్రాంగణం ఒకటి నగరంలో ఉంది. ఫోనులో అడిగినప్పుడు ఫోము ముక్కలు నింపిన గుంట ఉందని, దిమ్మెలు ఉన్నాయని, పెద్దవాళ్ళు కూడా సాధన చేసుకోవచ్చని స్పష్టంగా చెప్పారు. తీరా వెళ్ళాక వాళ్ళ సాక్సులే వేసుకోవాలని జతకు 60 రూపాయలు తీసుకున్నారు. మా బావమరిది ఒక దిమ్మె మీదుగా కాంగ్ వాల్ట్ (రెండు చేతులూ ఆన్చి, వాటి మధ్య నుంచి కాళ్ళు ముందుకు తెచ్చి దాటడం) చేశాడో లేదో అక్కడి కుర్రవాడు ఈల ఊది, "పెద్దోళ్ళు దుంకకూడదు సార్, ఇది పిల్లోళ్ళకు" అన్నాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే బిల్లు కొట్టాక వాపసు ఉండదన్నారు. మొత్తం 1,230 రూపాయలు పోయాయి.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధించింది ఆ ఫోము గుంట. ముక్కలన్నీ నలిగి అడుగుకు అణిగిపోయి ఉన్నాయి. ఫోము ముక్కల మధ్య గాలి ఉన్నంత వరకే అవి దెబ్బను ఆపుతాయి. తరచూ కుళ్ళగించి, పాతబడిన వాటిని మార్చకపోతే తలకిందులుగా పడినవారి మెడ నేరుగా నేలను తాకుతుంది. పిల్లలను తీసుకువెళ్ళేవారు డబ్బు కట్టకముందే గుంటలో చెయ్యి మోచేతి దాకా దించి చూడాలి. ఆ సాయంత్రమంతా మా బావమరిది మాట్లాడలేదు, అతని స్నేహితుడు రాత్రి బస్సుకే వెనక్కి వెళ్ళిపోదామన్నాడు. బస్టాండు దగ్గర 1,100 రూపాయలకు దొరికిన గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి.

మరునాడు తెల్లవారుజామున తుంగభద్ర ఒడ్డున సంకల్‌బాగ్ పుష్కర ఘాటుకు వెళ్ళాక ఇద్దరి ముఖాలూ విప్పారాయి. 2020 పుష్కరాలు జరిగిన ఈ ఘాటు మామూలు రోజుల్లో ఖాళీగా ఉంటుంది. ప్రెసిషన్ జంప్, అంటే అనుకున్న చోటే కచ్చితంగా దిగే గెంతు, నేర్చుకునేవారికి నా దృష్టిలో కర్నూలులో ఇంతకంటే మంచి చోటు లేదు. ఒక మెట్టు అంచు నుంచి పై మెట్టు అంచుకు దూకి పాదాల ముందు భాగం మీద నిలబడటం, తరువాత రెండు మెట్లు, ఆ తరువాత మూడు మెట్లు, ఇలా దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. ఎప్పుడూ పైకే దూకాలి. కిందికి దూకితే శరీర బరువుకు వేగం తోడై మోకాళ్ళ మీద పడే భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీటికి దగ్గరి మెట్ల మీద పాకుడు ఉంటుంది కాబట్టి అటు వెళ్ళనే కూడదు. స్నానానికి వచ్చిన ఒక పెద్దాయన కాసేపు మమ్మల్ని చూసి, "పైమెట్ల మీద నీళ్ళు పడినాయి, చూసి దుంకండి నాయనా" అని హెచ్చరించారు. డబ్బు తీసుకున్న చోట లేని శ్రద్ధ ఆ ఒక్క మాటలో కనిపించింది. కార్తిక మాసంలోను, పండుగ రోజుల్లోను ఈ ఘాటు భక్తులది, సాధకులు అటు పోకూడదు.

ఘాటు నుంచి వస్తూ ఒక బండి దగ్గర తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ప్లేటు 40 రూపాయలు. బొరుగులు మెత్తబడీ మెత్తబడనట్టు ఉండి, పప్పుల పొడి, నిమ్మరసం సరిగ్గా కుదిరాయి. ముగ్గురమూ రెండోసారి పెట్టించుకున్నాము.

కొండారెడ్డి బురుజు గోడలు చూసి మా బావమరిది స్నేహితుడికి వాల్ రన్ (పరుగున వచ్చి గోడను కాలితో తన్ని పైకెక్కడం) చేయాలనిపించింది, నేను ఒప్పుకోలేదు. అది 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడం. శతాబ్దాల నాటి రాతిని బూటుతో తన్ని ఎక్కడం సాధన కాదు.

అక్కడి నుంచి నంద్యాల దారిలో ఉన్న ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు, తిరుగు ప్రయాణంతో కలిపి 900 రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాము. పార్కూర్‌ను డేవిడ్ బెల్, అతని మిత్రులు పారిస్ శివారులోని లిస్ పట్టణంలో గోడల మీద రూపుదిద్దినా, దాని మూలం అంతకు ముందే జార్జ్ ఎబేర్ ఫ్రెంచి నావికులకు నేర్పిన సహజ వ్యాయామ పద్ధతిలో ఉంది. పరిగెత్తడం, పాకడం, ఎక్కడం, దూకడం, బరువు మోయడం అందులోని పాఠాలు. ఓర్వకల్లు రాళ్ళ మధ్య నాలుగు కాళ్ళ మీద పాకుతూ, చేతులతో బరువు ఆపుతూ నడుస్తుంటే ఆ పాఠాల అర్థం ఒంటికి తెలుస్తుంది. ఇక్కడి సిలికా, క్వార్ట్జ్ రాయి గరుకు వల్ల బూటుకు పట్టు బాగా దొరుకుతుంది, అదే గరుకు అరచేతి తోలును లేపుతుంది. రాళ్ళ తలలు సమంగా ఉండవు కాబట్టి పెద్ద గెంతులు వద్దు. నడుము ఎత్తుకు మించని బండల మీద ఒక చెయ్యి, ఒక కాలు ఆన్చి దాటే సేఫ్టీ వాల్ట్, నిదానమైన దిగుడు, సమతూకం మాత్రమే చేయాలి. ఎత్తైన రాళ్ళు ఎక్కవద్దని కాపలాదారు మర్యాదగా చెప్పాడు, మేమూ అలాగే ఉన్నాము. భుజం మీదుగా దొర్లే రోల్‌ను ఈ రాతి మీద చేయకుండా ముందు మట్టినేల మీద నేర్చుకుని రావాలి. శీతకాలంలో కూడా పది దాటితే రాయి వేడెక్కుతుంది, అందుకే గేటు తెరిచే వేళకే చేరుకోవాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు కర్నూలు నుంచే తీసుకువెళ్ళాలి.