టూసాన్ ఎడారిలో గడ్డి పీకొచ్చాం

అరిజోనా అనగానే మనవాళ్లు గ్రాండ్ క్యానియన్, సెడోనా చూసుకుని వెనక్కి తిరుగుతారు. దక్షిణాన టూసాన్ దాకా దిగేవాళ్లు తక్కువ. మేం ఏప్రిల్‌లో అక్కడికి వెళ్లిందే మొక్కల కోసం, ఇంకా సూటిగా చెప్పాలంటే అరిజోనా నేటివ్ ప్లాంట్ సొసైటీ వాళ్లతో కలిసి తిరుగుదామని. స్తంభంలా నిలువుగా ఎదిగే ముళ్లమొక్క సవారో కాక్టస్ పక్కన నిలబడి ఫొటో దిగడానికైతే ఒక పూట చాలు. మొక్కలు తెలిసినవాళ్ల వెంట వెళ్తే మాత్రం అదే దారి రోజంతా నడిచినా పూర్తి కాదు.

ఈ సొసైటీకి రాష్ట్రంలో చాలా చోట్ల శాఖలున్నాయి. టూసాన్ శాఖవాళ్లు ఉపన్యాసాలు, మొక్కల నడకలు పెడుతుంటారు, కలుపు తీసే పనుల్లోనూ చేయి వేస్తారు. బయటివాళ్లనూ రానిస్తారు, ముందుగా పేరు ఇచ్చుకుంటే సరి. వచ్చేవాళ్లలో రిటైరైనవాళ్లే ఎక్కువ, మెడలో చిన్న భూతద్దం, తలమీద పెద్ద టోపీ. నడక అన్నారే గానీ పొద్దున్నంతా కలిపి అర మైలు వెళ్లామో లేదో! ప్రతి పొద దగ్గరా ఎవరో ఒకరు కూర్చుండిపోతారు. శాస్త్రీయ నామాలే దొర్లుతుంటాయి, అడిగితే మామూలు పేరు ఓపిగ్గా చెప్తారు.

ఒకచోట మమ్మల్ని నడిపిస్తున్న పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని, పాలోవెర్డె అనే చెట్టు కొమ్మను మెల్లగా పక్కకి తీసి కింద చూపించారు. బొటనవేలంత సవారో. దాని వయసెంత ఉంటుందని అడిగితే ఒక్కొక్కళ్లం ఏడాదని, రెండేళ్లని అన్నాం. పదేళ్ల పైనే ఉండొచ్చు అన్నారావిడ. మొదటి ఎనిమిదేళ్లలో ఇది అంగుళం, అంగుళంన్నర మించి ఎదగదట, అదీ ఇలాంటి చెట్టు నీడ దొరికితేనే. చేతుల్లాంటి కొమ్మలు రావడానికి 50 నుంచి 75 ఏళ్లు పడుతుంది. ఆ లెక్క విన్నాక ఎదురుగా నాలుగైదు చేతులతో నిలబడ్డ నలభై అడుగుల సవారోని చూస్తే ఫొటో సంగతే గుర్తుకు రాలేదు. నీడనిచ్చే పాలోవెర్డె కూడా తక్కువది కాదు. ఎండాకాలంలో ఆకులు రాల్చేసి పచ్చటి బెరడుతోనే ఆహారం తయారు చేసుకుంటుంది, ఏప్రిల్‌లో మాత్రం మన తంగేడులా ఒళ్లంతా పసుపు.

అసలు చెప్పాల్సింది గడ్డి గురించి. బఫెల్ గ్రాస్ అని, పశువుల మేతకీ, మట్టి కొట్టుకుపోకుండా ఉండటానికీ ఆఫ్రికా నుంచి తెచ్చి పెట్టిన గడ్డి, ఇప్పుడు కొండవాలులన్నీ ఆక్రమిస్తోంది. ఎడారి మొక్కల మధ్య సహజంగా ఖాళీ నేల ఉంటుంది కాబట్టి నిప్పు పడినా పెద్దగా పాకదు, ఈ గడ్డి ఆ ఖాళీలన్నీ నింపేసి ఎండిపోయి ఉంటుంది, అంటుకుంటే మంట కొండెక్కుతుంది, ఆ తర్వాత గడ్డి మళ్లీ చిగురిస్తుంది, సవారోలు చచ్చిపోతాయి. కలుపు మందు కొట్టినా వానలు పడి గడ్డి పచ్చగా ఉన్న కొద్ది రోజుల్లోనే పనిచేస్తుంది. మిగతా కాలమంతా గడ్డపారే గతి.

సవారో నేషనల్ పార్కులోనూ, పక్కనే ఉన్న కౌంటీ వాళ్ల టూసాన్ మౌంటెన్ పార్కులోనూ వాలంటీర్లతో ఈ పని చేయిస్తారు. సంతకం పెట్టించుకుని పనిముట్లు ఇచ్చారు. మొదట గడ్డిని గుర్తుపట్టడం నేర్పారు: గింజలు రాలిపోయిన వెన్ను మీద వేళ్లతో ఒక్కసారి లాగితే గరగరమని ఉప్పుకాగితంలా తగలాలి. నున్నగా ఉంటే అది స్థానికమైన వేరే గడ్డి, ముట్టుకోకూడదు. కుదురు కింద గడ్డపార దింపి ఎత్తి, వేర్లకున్న మట్టి దులిపి, గింజలున్న వెన్నుల్ని సంచిలో వేయాలి. రాళ్లవాలు మీద కాలు నిలవదు, నడుం పట్టేస్తుంది. అయినా డబ్బులిచ్చి చూసినవాటన్నిటికంటే నాకు ఇదే నచ్చింది.

ఇక మిగతా చోట్ల సంగతి. నేషనల్ పార్కు ఊరికి తూర్పున ఒక భాగం, పడమర ఒక భాగం. కారుకి 25 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, రెండు వైపులా తిరగొచ్చు. సవారోలు చిక్కగా ఉండేది పడమరవైపే, బహాడా లూప్ మట్టిరోడ్డు అయినా మామూలు కారు పోతుంది. తూర్పువైపు ఎనిమిది మైళ్ల తారురోడ్డు, జనం తక్కువ, పెద్దవాళ్లతో వెళ్తే అదే హాయి. ఒకటే ఎంచుకోమంటే నేను పడమరే అంటాను. 1952లో మొదలైన అరిజోనా-సోనోరా డెజర్ట్ మ్యూజియం కూడా ఆ వైపే. పేరుకి మ్యూజియం గానీ దాదాపు అంతా ఆరుబయటే, టికెట్ తక్కువేం కాదు, పొద్దున్నే వెళ్తే గిట్టుబాటవుతుంది, మధ్యాహ్నం వెళ్తే ఎండకే సరిపోతుంది. ఊళ్లోని టుమామాక్ కొండ ఎక్కడానికి పైసా ఖర్చు లేదు. 1903లో ఎడారి మొక్కల పరిశోధనశాల పెట్టింది అక్కడే.

బసకి గిల్బర్ట్ రే క్యాంప్‌గ్రౌండ్ నాకు బాగా కుదిరింది. పార్కూ మ్యూజియం దగ్గరే, రాత్రి నక్షత్రాలు, తెల్లవారుజామున నక్కల్లాంటి కయోటీల కూతలు. స్నానానికి షవర్లు లేవు, అది ముందే తెలిసి వెళ్లాలి. స్నానం తప్పదనుకుంటే ఊరికి ఉత్తరాన కాటలీనా స్టేట్ పార్కు క్యాంపింగ్ మేలు, కాకపోతే పడమరకి రోజూ డ్రైవింగ్ తప్పదు. మధ్యలో ఒక రాత్రి హైవే పక్కన మోటెల్‌లో దిగాం. ఏసీ లారీ ఇంజిన్‌లా మోగింది, పైగా టిఫిన్ ఏడింటికి గానీ పెట్టరట, మొక్కలవాళ్లేమో అప్పటికే నడక మొదలెట్టేస్తారు. బస బుక్ చేసేముందు ఆ టైమింగ్ అడగండి. బస్సుల్ని నమ్ముకుంటే పార్కులకి చేరలేరు, కారు ఉండాల్సిందే.

సవారో పూలు చూడాలనుంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం లోపు వెళ్లాలి. పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది, కాబట్టి పొద్దున్నే. జూన్‌లో ఎండ వంద ఫారెన్‌హీట్ దాటేస్తుంది, గడ్డి పీకే ఆలోచన ఉంటే చలికాలమే సుఖం. ఇంకోటి, సంచిలో పళ్లు దూరంగా ఉన్న దువ్వెన ఒకటి పడేసుకోండి. చోయా కాక్టస్ తునక ఒంటికి అతుక్కుంటే చేత్తో లాగొద్దు, చెయ్యీ అతుక్కుంటుంది. దాని కింద దువ్వెన దూర్చి ఒక్క విదిలింపు, ముందు పక్కన మనుషులు లేరని చూసుకుని.