నాలుగు ప్యాడ్ల వైర్‌లెస్ బజర్ సెట్టు: ప్రైమరీ పిల్లల క్విజ్‌లో వాడి చూశాక

మాది దేవరకొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాల. నేను అక్కడ ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. మొన్న బాలల దినోత్సవానికి మా స్కూల్ కాంప్లెక్స్‌లోని (దగ్గర దగ్గర బళ్లను కలిపిన గుంపు) తొమ్మిది ప్రాథమిక పాఠశాలలకు జీకే క్విజ్ పెట్టే పని నాకు అప్పగించారు. అంతకుముందు రెండేళ్లు చేతులెత్తే పద్ధతిలోనే జరిపాం. ఎవరి చెయ్యి ముందు లేచిందో చూడడానికి ఇద్దరు టీచర్లను కూర్చోబెట్టినా ప్రతిసారీ గొడవే. 'మా పిల్లగాడే ముందు' అని ఒక సార్ అంటే, 'కాదు, మావాళ్లే' అని ఇంకో మేడం. ఆ పంచాయితీ తెగే లోపు పిల్లలు జవాబే మర్చిపోయేవాళ్లు. అందుకే ఈసారి పదహారు మంది టీచర్లం తలా 200 వేసుకుని, ఆన్‌లైన్‌లో 3,200 రూపాయలకు ఈ బజర్ సెట్టు తెప్పించాం.

డబ్బాలో ఒక మెయిన్ యూనిట్, నాలుగు రంగుల ప్యాడ్లు, ఒక అడాప్టర్ ఉన్నాయి. ప్యాడ్లలో వేసే పెన్సిల్ సెల్స్ మనమే కొనుక్కోవాలి, ఒక్కోదానికి రెండు. వాడకం చాలా తేలిక. ఎవరు ముందు ఒత్తితే వాళ్ల నంబరు మెయిన్ యూనిట్ మీద వెలుగుతుంది, కుయ్‌మని మోగుతుంది, వెంటనే మిగతా మూడూ లాక్ అయిపోతాయి. మనం రీసెట్ నొక్కేదాకా ఇంకెవరు ఒత్తినా మోగదు. మేం కొన్నది ఈ లాక్ కోసమే. ముందురోజు మా ఐదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి యాభై సార్లకు పైగా ఒత్తించాను. ఇద్దరు ఒకేసారి కొట్టినట్టు మన కంటికి కనిపించినా అది ఎవరో ఒకరినే చూపించింది. చూపించిన తర్వాత పిల్లలు కూడా మారు మాట్లాడలేదు. పెద్దలు చెబితే ఒప్పుకోని పిల్లలు లైటు చెబితే ఒప్పుకున్నారు.

బటన్ పెద్దది, అరచేయి అంత ఉంటుంది. మూడో తరగతి పిల్లల చేతులకు కూడా సులువు. ఎంత గట్టిగా గుద్దినా పగల్లేదు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. క్విజ్ జరిగింది హైస్కూల్ రేకుల షెడ్డులో, దాదాపు రెండొందల మంది పిల్లల మధ్య. మోత వెనక వరుస దాకా వినిపించింది. సిగ్నల్ ఎక్కడా తెగలేదు.

లోపం బయటపడింది ఫైనల్లో.

ఒక్కో బడి నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఒక్కొక్కరు, అలా ముగ్గురితో ఒక జట్టు. ఉదయం ఇరవై ప్రశ్నల రాత పరీక్ష పెట్టి నాలుగు జట్లను ఫైనల్‌కు తీసుకున్నాం. మొదట జట్ల వారీగా వరసగా అడిగే డైరెక్ట్ రౌండు, తర్వాత బొమ్మల రౌండు, చివర బజర్ రౌండు. మొదటి రెండు రౌండ్లకు అరగంట పైనే పట్టింది. ఆ అరగంటా ప్యాడ్లు పిల్లల ముందు ఊరికే ఉన్నాయి. బజర్ రౌండు మొదలుపెట్టి, 'నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసిన ప్రధాని ఎవరు?' అని అడిగాను. బాలల దినోత్సవం కదా, అందరికీ తెలుస్తుందనే దాన్ని మొదట పెట్టాను. ఒక తండా బడి పాప చటుక్కున ఒత్తింది. నా కళ్లతో చూశాను. లైటు మాత్రం పక్క జట్టుది వెలిగింది. వాళ్లు 'నెహ్రూ' అన్నారు, చప్పట్లు మోగాయి. పాప లేచి నిలబడి, 'నేనే ముందుగాల ఒత్తిన టీచర్, సప్పుడు రాలే' అంది. ఏడవలేదు, గట్టిగానే చెప్పింది. కళ్లల్లో మాత్రం నీళ్లు నిండాయి.

ఆపి చూశాం. సెల్స్ బాగానే ఉన్నాయి. రెండోసారి ఒత్తితే మోగింది. ఆ ప్రశ్నను రద్దు చేసి ఇంకొకటి అడిగాను, అది వేరే జట్టుకు పోయింది. చివరికి ఆ తండా బడి 5 మార్కుల తేడాతో రెండో స్థానంలో ఆగింది. సరైన జవాబుకు 10 మార్కులు. ఆ లెక్క నాకు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

మర్నాడు కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే విషయం తెలిసింది. సెల్స్ ఆదా కోసం ప్యాడు కొంతసేపు వాడకపోతే నిద్రపోతుందట. మొదటి ఒత్తుడు దాన్ని లేపుతుంది, రెండోదే లెక్కలోకి వస్తుంది. బడికి తెచ్చి పరీక్షించాను. పది నిమిషాలు వదిలేసిన ప్రతి ప్యాడూ అలాగే చేసింది. ముందురోజు రిహార్సల్‌లో ఎడతెరిపి లేకుండా ఒత్తించాం కాబట్టి మాకు తెలియలేదు. సెట్టుతో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్లో మాట్లాడిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, కానీ 'అది ఫీచర్ మేడం' అన్నాడు. పోటీ కోసం అమ్మే వస్తువులో ఇది ఫీచర్ ఎలా అవుతుంది? కనీసం డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయాలి. ఇంకో చిన్న లోపం, నాలుగో ప్యాడులో సెల్ స్ప్రింగు వదులు. చాక్లెట్ రేకు మడిచి పెట్టాను, సరిపోయింది.

ఈ సెట్టు కొనే టీచర్లకు ఇంకొక మాట. ప్రైమరీ పిల్లలకు అన్ని రౌండ్లూ బజర్ మీద పెట్టకండి. ప్రశ్న సగంలో ఉండగానే ఒత్తేసే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. జవాబు తెలిసీ చెయ్యి కదలని పిల్లలు అంతకంటే ఎక్కువ ఉంటారు. మేం నాలుగో వంతు మార్కులే బజర్ రౌండుకు ఇచ్చాం, తప్పు చెబితే మార్కులు కోయలేదు. ఆ వయసులో మైనస్ పెడితే మర్నాటి నుంచి క్లాసులో కూడా నోరు విప్పరు. డైరెక్ట్ రౌండులో ఒక జట్టు చెప్పలేక పక్క జట్టుకు పాస్ అయిన ప్రశ్న ఎప్పుడూ ఒకవైపే తిరిగితే, సరిగా చెప్పలేని జట్టు పక్కన కూర్చున్నవాళ్లకే బోనస్‌లన్నీ పోతాయి. అందుకే సగం ప్రశ్నలయ్యాక దిశ తిప్పేశాం.

నిజానికి బజర్ కన్నా ప్రశ్నల దగ్గరే నాకు ఎక్కువ రోజులు పట్టింది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో 120 రూపాయలు పెట్టి జీకే పుస్తకం కొన్నాను. 'కొత్త ఎడిషన్' అని అట్ట మీద ఉంది. లోపల తెలంగాణలో 31 జిల్లాలు, దేశంలో 29 రాష్ట్రాలు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట, ములుగు కలిసి మన జిల్లాలు 33 అయ్యాయి. జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం అయ్యాక రాష్ట్రాలు 28, తర్వాత 2020 నుంచి కేంద్రపాలిత ప్రాంతాలు 8. జాతీయ క్రీడ హాకీ అని కూడా వేశారు. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్రమే ఆర్టీఐ జవాబులో చెప్పింది. ఈ పుస్తకం పట్టుకుని అడిగితే సరైన జవాబు చెప్పిన పిల్లాడికే సున్నా పడేది. పుస్తకం పక్కన పెట్టి నా ప్రశ్నలు నేనే రాసుకున్నాను.

పిల్లలు ఎక్కువగా సంబరపడింది బొమ్మల రౌండులోనే. పాలపిట్ట ఫొటో పెట్టగానే షెడ్డంతా 'పాలపిట్ట' అని అరిచింది. జట్టు నోరు తెరిచేలోపే జవాబు వచ్చేసింది కాబట్టి ఆ ప్రశ్న మార్చక తప్పలేదు. దసరా నాడు ఊరి బయటికి పోయి దాన్ని వెతికే పిల్లలకు అదొక ప్రశ్నా! జమ్మి, తంగేడు కూడా అంతే తేలికగా చెప్పారు. పటిక ముక్క చేతిలో పట్టుకుని ఇదేమిటి, ఎందుకు వాడతారు అని అడిగితే ఒక నాలుగో తరగతి అబ్బాయి, 'మా నాయనమ్మ బురద నీళ్లల్ల తిప్పుతది' అన్నాడు. పూర్తి మార్కులు ఇచ్చాను. ఆ పటిక, సున్నంతోనే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ తయారుచేసిందని, దాని పేరే 'నల్లగొండ టెక్నిక్' అని చెప్పినప్పుడు, వెనక కూర్చున్న టీచర్లు కూడా తల పైకెత్తారు. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లను చూసి పెరిగిన జిల్లా మాది. మన జిల్లా పేరు పెట్టుకున్న వైద్యం ఒకటి ఉందని పిల్లలకు తెలియాలి.

బజర్ సెట్టుకు నేను ఐదుకు మూడున్నర ఇస్తాను. లాక్ నమ్మదగినదే, ధర కాంప్లెక్స్ అంతా కలిసి మోయగలిగేదే. ఒక్క బడి కోసమైతే కొనమని చెప్పను, ఏడాదికి ఒకరోజు వాడే వస్తువుకు అంత అనవసరం. ఆ నిద్ర సంగతి ముందే తెలిస్తే ఇబ్బంది లేదు.

పక్క కాంప్లెక్స్ వాళ్లు జనవరిలో కావాలని అడిగారు. ఇచ్చే ముందు డబ్బా మూత లోపల తెల్లకాగితం అంటించి ఎర్ర స్కెచ్‌తో రాశాను: 'బజర్ రౌండుకు ముందు నాలుగు ప్యాడ్లూ రెండేసి సార్లు ఒత్తించి, రీసెట్ చేసి, అప్పుడే ప్రశ్న చదవండి.'