సక్సెషన్ సర్టిఫికెట్ బాండుకు బంధువు జామీనా, సొంత డిపాజిట్టా?

చనిపోయిన తండ్రిగారి బ్యాంకు డిపాజిట్ల కోసం సక్సెషన్ సర్టిఫికెట్ (ఆ సొమ్ము తీసుకునేందుకు వారసులకు కోర్టు ఇచ్చే పత్రం) అడిగినవారు, బాండు (వచ్చిన సొమ్ముకు లెక్క చెబుతామని, హక్కుదారులకు నష్టం రానివ్వమని రాసిచ్చే పత్రం) ఇవ్వమని కోర్టు చెప్పగానే జామీనుకు ఎవరిని నిలబెట్టాలో తెలియక ఆగిపోతున్నారు. మా పెదనాన్నగారి డిపాజిట్ల విషయంలో ఈమధ్య మా కుటుంబమూ ఇదే నిర్ణయం తీసుకోవలసి వచ్చింది కనుక, తిరుపతి, చిత్తూరు వైపు వాడుకలో ఉన్న మార్గాలను పోల్చి చెబుతాను.

1925 నాటి భారత వారసత్వ చట్టం 375వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్ కోసం జామీనుదారులతో బాండు గానీ, తగిన మరో భద్రత గానీ ఇవ్వవచ్చు. హక్కు ఎవరిదో పూర్తిగా తేలకుండానే సర్టిఫికెట్ ఇస్తున్నప్పుడు ఈ భద్రత కోరడం తప్పనిసరి కాగా, మామూలు సందర్భాల్లో అది న్యాయమూర్తి విచక్షణకు వదిలిన విషయం. లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్‌కైతే (మరణించినవారి ఆస్తిని నిర్వహించే అధికారమిస్తూ కోర్టు ఇచ్చే పత్రం) 291వ సెక్షను జామీనుదారుతో కూడిన బాండునే కోరుతుంది; హిందువు రాసిన వీలునామాకు ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) పొందిన ఎగ్జిక్యూటరును (వీలునామాను అమలుచేసే వ్యక్తిని) కూడా అటువంటి బాండు అడిగే అధికారం న్యాయమూర్తికి ఉంది.

ఖర్చు చూస్తే బంధువు జామీనే చవక. దామలచెరువులో మామిడితోట ఉన్న మేనమామ పాసు పుస్తకం, ఈసీ (భూమి మీది లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ (ఆస్తి స్తోమతకు ధ్రువపత్రం) తెచ్చి సంతకం చేస్తే పని ముగుస్తుంది. అయితే నా దృష్టిలో ఇక్కడ చూడవలసింది ఆ సంతకం వెనుక ఉన్న బాధ్యత. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అసలు వ్యక్తి బాధ్యతతో సమానం. వాటా అందని వారసుడు కోర్టు అనుమతితో ఆ బాండును తన పేర బదిలీ చేయించుకుని దావా వేస్తే, సొమ్ము తీసుకున్నవారి దగ్గర వసూలు కాకపోతేనే మేనమామ దగ్గరికి రావాలన్న నియమమేమీ లేదు. ఆ డిపాజిట్లలో ఒక్క రూపాయి కూడా ఆయన చేతికి రాదు, లెక్కలు ఆయనకు ఎవరూ చూపరు. అయినా బాండు రద్దయ్యేదాకా ఆ భారం ఆయన మీదే ఉంటుంది. జామీను రాసినంత మాత్రాన తోట తాకట్టు పడదు గానీ, ఆ తోటను అన్యాక్రాంతం చేయనని (ఇతరులకు అమ్మడం, రాసివ్వడం చేయనని) కోర్టుకు హామీ రాసి ఇచ్చి ఉంటే, కూతురి పెళ్లికి ఎకరం అమ్మాలన్నా ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. సాక్షి సంతకం అడిగినంత తేలికగా జామీను అడగడం నాకు న్యాయంగా తోచదు.

మా విషయంలో వారసుల్లో ఒక మైనరు ఉన్నాడు కనుక కోర్టు భద్రత కోరింది. అన్నయ్య తన సొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు మీద కోర్టు పేర లీన్ (కోర్టు వదిలేదాకా ఆ సొమ్ము తీయకుండా పెట్టే పట్టు) రాయించి ఇచ్చాడు. వడ్డీ అతనికే జమ అవుతుంది, తప్పు జరిగితే నష్టమూ అతనిదే. వచ్చిన సొమ్ములో మైనరు వాటాను ఆ మైనరు పేరనే బ్యాంకులో వేసి, ఆ రసీదులతో లెక్కలు సమర్పించి, లీన్ తీసివేయమని దరఖాస్తు పెట్టుకున్నాం. అప్పటిదాకా ఆ డబ్బును కదపలేకపోవడం దీనిలోని ఇబ్బంది. ఎస్టేటు (చనిపోయినవారు వదిలిన ఆస్తి) విలువకు సరితూగే డిపాజిట్ అందరి దగ్గరా ఉండదు కూడా.

బ్యాంకు గ్యారంటీకి (మీ తరఫున చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) మార్జిను (ముందుగా కట్టే సొమ్ము), కమీషను, గడువు పొడిగింపులు ఉంటాయి గనుక చిన్న ఎస్టేట్లకు గిట్టుబాటు కాదు. 2022 నుంచి అనుమతించిన ష్యూరిటీ ఇన్సూరెన్స్ (బీమా కంపెనీయే జామీను నిలిచే పద్ధతి) ప్రధానంగా రోడ్లు, నిర్మాణాల కాంట్రాక్టర్ల కోసం వచ్చినది.

డిపాజిట్ లేనివారు ఆస్తిపరుడైన సహవారసుణ్ణి జామీనుకు నిలబెట్టడం మేలు, ఎందుకంటే తన వాటా కూడా అందులోనే ఉన్నవాడు లెక్కలు అడగకుండా ఊరుకోడు. బయటి బంధువునే అడగక తప్పకపోతే, బాండు నకలును, ప్రతి వారసుడికి చెల్లించిన రసీదుల నకళ్లను ఎప్పటికప్పుడు ఆయనకు ఇచ్చి, పంపకం పూర్తికాగానే బాండు రద్దుకు మీరే దరఖాస్తు పెట్టి, ఆ ఉత్తర్వు నకలును ఆయన ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి.