హేవ్‌లాక్‌లో స్కూబా ఇన్‌స్ట్రక్టర్ కోర్సు: ఫ్రీ అన్నచోట ఎంత వదిలింది, డబ్బు కట్టినచోట ఏం దక్కింది

ఫీజు అక్కర్లేదు, డైవింగ్ షాపులో కాస్త పని చేసిపెట్టండి, డైవ్‌మాస్టర్ కోర్సు మేమే చేయిస్తాం అనేవాళ్లు అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) దొరుకుతారు. ఆ మాట నమ్మి మాత్రం బయల్దేరకండి. నేనూ మా బావమరిదీ అలాగే వెళ్లాం. మధ్యలో వెళ్లిపోకుండా ఉండటానికంటూ మనిషికి 20,000 డిపాజిట్ కట్టించుకున్నారు. కోర్సు అయ్యాక ఇచ్చేస్తాం అన్నారు. ఇంతవరకు రూపాయి రాలేదు, ఫోన్ కూడా ఎత్తడం లేదు.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. స్కూబా అంటే గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల లోపలికి దిగే డైవింగ్. డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే పాడీ సంస్థ పద్ధతిలో ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సులు అయ్యాక డైవ్‌మాస్టర్. దానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. చేరేటప్పటికి 40 డైవ్‌లు, సర్టిఫికెట్ వచ్చేసరికి 60 డైవ్‌లు లాగ్‌బుక్‌లో ఉండాలి. ఆ పైన ఐడీసీ అనే ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, చివర్లో రెండు రోజుల ఐఈ పరీక్ష. పరీక్షకు 100 డైవ్‌లు తప్పనిసరి. పెట్టేది మనకు నేర్పిన షాపువాళ్లు కాదు, పాడీ తరఫున వచ్చే ఎగ్జామినర్. కాబట్టి షాపువాడు ఇచ్చిన హామీలేవీ అక్కడ పనికిరావు.

విశాఖ నుంచి చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) ఫ్లైట్ మనిషికి 11,400, అక్కడి నుంచి ప్రైవేటు ఫెర్రీ 1,650. ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా విజయనగర్ బీచ్ దగ్గరి ఆ షాపులోనే. ఉండటానికి గది ఫ్రీ అన్నారు కదా, కంప్రెసర్ షెడ్డుకు ఆనుకుని ఉన్న రేకుల గది చూపించారు. తెల్లారకముందే సిలిండర్లు నింపడం మొదలవుతుంది. ఆ చప్పుడుకు గోడ మీద తగిలించిన తాళాలు కూడా అదిరేవి. కుళాయిలో ఉప్పునీళ్లు. గది ఫ్రీయే గానీ జనరేటర్ ఖర్చు కింద రోజుకు 150 రాసుకున్నారు. మా వాడు మొదటి రాత్రే "బావా, ఇక్కడ మనం నేర్చుకోవడానికి వచ్చామా, కాపలాకి వచ్చామా?" అన్నాడు.

పని సంగతి చెప్పాలి. ఒక్కో అల్యూమినియం సిలిండర్ 14 కిలోల పైమాటే. పొద్దున్నే అవన్నీ బండికెక్కించి జెట్టీకి చేర్చాలి. ఆ తర్వాత నిమో రీఫ్ దగ్గర మొదటిసారి నీళ్లలో దిగే టూరిస్టులకు బెల్టులు కట్టాలి, కాళ్లకు ఫిన్స్ తొడగాలి. మధ్యాహ్నం తడి సూట్లు మంచినీళ్లలో ముంచి ఆరేయాలి. డైవ్‌మాస్టర్‌కి 24 స్కిల్స్ ఉంటాయి, ఒక్కొక్కటీ చూసేవాళ్లకు అర్థమయ్యేలా నిదానంగా చేసి చూపించాలి. వాటి మాటెత్తితే "సీజన్ తగ్గనీ, చూద్దాం" అనేవాడు ఓనరు. చివరికి ఒకరోజు ఇన్‌స్ట్రక్టర్ రాలేదని, ఇద్దరు టూరిస్టులను నన్నే ఒంటరిగా దింపేయమన్నాడు. ట్రైనీ ఆ పని చేయకూడదు, రూలే ఒప్పుకోదు. కుదరదన్నాను. అంతే, ఆ రోజు నుంచి పడవలో నాకు చోటు లేదు.

అదే వారంలో మా వాడికి జలుబు చేసింది. జలుబుతో దిగితే చెవిలో ఒత్తిడి సర్దుకోదు. ఆ మాట చెబితే "ముక్కులో స్ప్రే కొట్టుకుని దిగు" అన్నారు. వాడు దిగాడు. పైకొచ్చేసరికి చెవిలోంచి రక్తం. ఓనరు వాడి వైపైనా చూడకుండా "రేపు సిలిండర్లు ఎవరు మోస్తారు?" అన్నాడు! హేవ్‌లాక్ ప్రభుత్వాసుపత్రి డాక్టరు మాత్రం ఓపిగ్గా చూసి, మందులు ఉచితంగా ఇచ్చి, తాను చెప్పేదాకా నీళ్ల జోలికి పోవద్దన్నారు. అక్కడితో వాడికి డైవింగ్ మీద మనసు విరిగిపోయింది. మర్నాడే మూటాముల్లె సర్దుకుని ఆ షాపులోంచి బయటపడ్డాం.

రెండో షాపు గోవిందనగర్ వైపు. డైవ్‌మాస్టర్‌కి 80,000, ఐడీసీకి 1,35,000. బేరం లేదు, కానీ ఏ రోజు ఏం నేర్పుతారో కాగితం మీద రాసి ఇచ్చారు. 400 మీటర్ల ఈత, 800 మీటర్ల స్నార్కెల్ (గొట్టంతో ఊపిరి తీస్తూ ఈత), 15 నిమిషాలు నీళ్లలో తేలుతూ ఉండటం, కదలకుండా ఉన్న డైవర్‌ను 100 మీటర్లు లాక్కెళ్లడం, అన్నీ గడియారం పట్టుకుని చేయించారు. గది బయట విడిగా తీసుకున్నాం, రోజుకు 900. ఫ్యాను, మంచినీళ్లు, ఎదురుగా కొబ్బరితోట. మా వాడి ముఖంలో మళ్లీ నవ్వు కనిపించింది.

ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో మన ఈత ఎవరికీ అక్కర్లేదు. మనం ఎలా నేర్పుతున్నామో, నేర్పేటప్పుడు ఎవరిని చూస్తున్నామో, అదే చూస్తారు. స్టూడెంట్లుగా నటించేది తోటి అభ్యర్థులే. కోర్సు నేర్పే మేడమ్ మన వెనక నిలబడి స్లేటు మీద రాసి వాళ్లకు రహస్యంగా చూపిస్తారు: నువ్వు మాస్క్‌లో నీళ్లు రాగానే పైకి లేచిపో, నువ్వు రెగ్యులేటర్ (గాలి పీల్చుకోవడానికి నోట్లో పెట్టుకునేది) తీశాక బుడగలు వదలకు. పుణె కుర్రాడొకడు రెగ్యులేటర్ వెనక్కి ఎలా అందుకోవాలో ఎంతో అందంగా చూపిస్తున్నాడు. ఎడమ పక్క స్టూడెంట్ నోటి దగ్గర బుడగలు ఆగిపోయాయి. వాడు గమనించలేదు. ఒడ్డుకొచ్చాక ఐదుకు ఒకటి వేశారు. ఊపిరి బిగబట్టి పది మీటర్ల నుంచి పైకొస్తే లోపలి గాలి రెట్టింపవుతుంది, ఊపిరితిత్తులు తట్టుకోలేవు. "నువ్వు చూపించింది బాగానే ఉంది నాయనా, మరి వాణ్ని ఎవరు చూస్తారు?" అని హిందీలో అడిగారామె. ఆ తర్వాత మేమందరం మా చేతులు చూసుకోవడం మానేసి ఎదుటివాళ్ల నోళ్లే చూడటం అలవాటు చేసుకున్నాం.

అన్నట్టు, మా పడవ నడిపే పెద్దాయన వాళ్లది శ్రీకాకుళం వైపు. తాతల కాలంలో వచ్చి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. నా మాట వినగానే "ఏటి బాబూ, ఇలాగ ఎండిపోనావు?" అని మర్నాడు ఇంటి నుంచి కేరేజీ తెచ్చారు. నెత్తళ్ల వేపుడు, చింతపండు బాగా పోసిన చేపల పులుసు, చల్లారిన అన్నం. బీచ్ రెస్టారెంటులో 650 పెట్టి తిన్న గ్రిల్డ్ ఫిష్ దీని ముందు గడ్డి. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. చెవి నొప్పితో మూలుగుతున్న మా వాడు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పరీక్షలో అందరూ భయపడేది థియరీకి. అనవసరం. ఫిజిక్స్, ఫిజియాలజీ, పరికరాలు, డీకంప్రెషన్, స్కిల్స్ ఐదు భాగాలు, ఒక్కోదాంట్లో 75 శాతం వస్తే చాలు, కూర్చుని చదివితే వస్తుంది. కష్టమంతా స్పృహ లేని డైవర్‌ను నీటి మీద లాక్కురావడంలో ఉంది. ఐదు సెకన్లకోసారి నోటితో ఊపిరి ఊదుతూ, ఆ మధ్యలోనే ఇద్దరి సామాను విప్పుతూ ఒడ్డుకు రావాలి. లెక్క తప్పితే మళ్లీ చేయాలి. దాన్ని రోజూ సాధన చేయించని షాపులో చేరొద్దు.

ఇంకొకటి, షాపు చెప్పే ఫీజులో పాడీకి కట్టేవి కలవవు. పరీక్ష ఫీజు, ఇన్‌స్ట్రక్టర్ దరఖాస్తు, ఫస్ట్ ఎయిడ్ ఇన్‌స్ట్రక్టర్ దరఖాస్తు అన్నీ కలిపి నాకు విడిగా 84,000 దాకా అయ్యింది, కార్డు మీద ఫారిన్ కరెన్సీ ఛార్జీ అదనం. చేరేముందే ఆ లెక్క అడిగి రాయించుకోండి. తిరుగు ఫ్లైట్ కూడా చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు గడిచాకే ఉండేలా చూసుకోండి. నేను ఒకరోజు అదనంగా పోర్ట్ బ్లెయిర్‌లో ఆగాల్సి వచ్చింది, గది 1,800. మా బావమరిది ముందే వెళ్లిపోయాడు, వాడికి ఆ 18 గంటల గొడవ లేదు.