మేకలు పెంచారు, ఎత్తు నేర్పలేదు: ఒక వ్యూహక్రీడపై సమీక్ష

గత దీపావళికి తగ్గింపు ధరలో కొన్న ఈ వంతులవారీ కంప్యూటర్ వ్యూహక్రీడను చెన్నై వేలచేరిలోని మా ఇంట్లో దాదాపు 120 గంటలు ఆడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. పటం అందంగా ఉంది, సంగీతం విసుగు పుట్టించదు, నగరాలను పెంచుకునే పద్ధతిలో లోతు ఉంది. నా అసంతృప్తి అంతా ప్రత్యర్థిగా ఆడే కంప్యూటర్ మీదనే.

మూడవ ఆటలో పొరుగు రాజు నా మీద యుద్ధం ప్రకటించి, 11 దళాలను రెండు కొండల నడుమనున్న ఇరుకు దారిలోకి నడిపించాడు. ఆ దారికి ఇవతలి కొసన నాకు ఒక నగరం, అందులో ఒకే ఒక విలుకాండ్ర దళం ఉన్నాయి. ఓటమి ఖాయమనుకొని, సంధికి ఏమేమి వదులుకోవాలో లెక్క వేసుకుంటున్నాను. అయితే రాళ్లు విసిరే యంత్రాలను ముందుంచి, వాటిని కాపాడవలసిన కత్తివీరులను వెనుక నిలిపిన ఆ సైన్యం, దెబ్బతిన్న ప్రతి దళాన్నీ వెనక్కి తిప్పబోయి, వెనుక గడి ఖాళీ లేక మళ్లీ ముందుకే తెచ్చి, తొమ్మిది వంతులపాటు అక్కడే తచ్చాడుతూ కరిగిపోయింది. పదవ వంతులో ఆ రాజే సంధి కోరి ఒక నగరాన్ని నాకు అప్పగించాడు. నా సైన్యం మరీ చిన్నదని యుద్ధానికి ముందు వెక్కిరించినవాడు కూడా ఆయనే.

దీనికి మూలం ఒక గడిలో ఒకే దళం నిలవాలనే నియమమని నా అభిప్రాయం. సివిలైజేషన్ అనే వ్యూహక్రీడల శ్రేణిలో 2010లో వచ్చిన అయిదవ ఆట, ఒకే గడిలో దళాలను గుట్టగా పేర్చే పాత పద్ధతిని తొలగించి, షట్కోణపు గళ్లతోపాటు ఈ నియమాన్ని తెచ్చింది. నది, కొండ, కనుమ అన్నీ ఎత్తుగడలో భాగమవుతాయి కనుక మనిషికి ఇది పండుగే. కంప్యూటర్‌కు మాత్రం ఏ దళం ఎక్కడికి వెళ్లాలన్నది తేలకముందే, ఏది ముందు కదలాలన్నది పెద్ద చిక్కు: 11 దళాలను కదిపే వరుసలే 3,99,16,800 ఉంటాయి. 2022 చదరంగ ఒలింపియాడ్ కోసం నేపియర్ వంతెనకు చదరంగపు గళ్ల రంగు వేసిన ఈ ఊళ్లో, ఈ ఆట గురించి ఎవరికి చెప్పినా, కంప్యూటర్ మనిషిని ఎప్పుడో మించిపోయింది కదా అని అడుగుతారు. 1997లో ప్రపంచ చదరంగ విజేత కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ అనే కంప్యూటర్ సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించిన మాట నిజమే. కానీ చదరంగంలో వంతుకు ఒక ఎత్తే వేస్తారు.

పని కష్టమని ఒప్పుకుంటాను. నాకు మింగుడుపడనిది వీరు ఎంచుకున్న పరిష్కారం. కష్టస్థాయి పెంచితే కంప్యూటర్ మెరుగ్గా ఆలోచించదు. దానికి ఆరంభంలోనే అదనపు దళాలు, ఉత్పత్తిలో అదనపు శాతాలు, పోరులో అదనపు బలం చేతికి ఎముక లేనట్లు ఇచ్చేస్తారు. నెల్లూరు జిల్లాలోని మా ఊరి గుడి అరుగు మీద తాతగారు నాతో పులిజూదం ఆడేవారు. మూడు పులులు నావి, పదిహేను మేకలు ఆయనవి. నా పులులను కట్టేయడానికి ఆయన ఏనాడూ పదహారో మేకను తెచ్చుకోలేదు. ఈ ఆటలో పై స్థాయికి వెళ్లినకొద్దీ మేకలే పెరుగుతాయి. ఫలితంగా మొదటి 80 వంతులు ఊపిరి సలపకుండా సాగుతాయి, తొలినాటి అద్భుత కట్టడాలన్నీ కంప్యూటర్‌కే దక్కుతాయి కాబట్టి ఆ దారులు మనకు మూసుకుపోతాయి. ఆ అంతరాన్ని పూడ్చుకున్న మరుక్షణం గెలుపు తేలిపోయినా, మరో 150 వంతులు మీటలు నొక్కుతూ కూర్చోవలసి వస్తుంది. పైగా చివరి దశలో కంప్యూటర్ తన వంతు ముగించడానికి నిమిషం తీసుకుంటుంది. ఆ నిమిషమంతా ఆలోచించి అది చేసేది ఏమిటంటే, కాపలా లేని పడవల్లో సైనికులను నా యుద్ధనౌకల ఎదుటికి పంపడం.

2018లో వచ్చిన ఇన్‌టు ది బ్రీచ్ అనే మరో వ్యూహక్రీడ ఈ చిక్కును మరో విధంగా దాటింది. అక్కడ 8×8 గళ్ల చిన్న పటం మీద శత్రువు తాను ఎక్కడ కొట్టబోతున్నదీ ముందే చూపిస్తాడు. శత్రువుకు గొప్ప తెలివి లేకపోయినా, ఆ దెబ్బను తప్పించే దారి వెతకడంలోనే మనకు చెమటలు పడతాయి.

స్నేహితులతో కలిసి ఆడే వీలున్నవారు తగ్గింపులో ఈ ఆటను నిస్సంకోచంగా కొనవచ్చు. నా సహోద్యోగి ఒకరు నన్ను మొదటి యుద్ధంలోనే చిత్తు చేసినప్పుడు దీని నియమాలు ఎంత చక్కనివో తెలిసింది. ఒంటరిగా ఆడేవారికి మొదటి రెండు ఆటలు మాత్రమే రుచిస్తాయి. దీని విస్తరణ భాగాన్ని నేను, కంప్యూటర్ తన యంత్రాలకు ముందు కత్తివీరులను నిలపడం నేర్చుకుందని తెలిసేదాకా కొనబోను.